గద్ద కాసు మీద ఎర్ర చుక్క

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ దగ్గర ఒక అమెరికా బంగారు కాసు ఉండేది. ఒక వైపు కిరీటం పెట్టుకున్న దొరసాని మొహం, రెండో వైపు రెక్కలు చాచిన గద్ద. అందుకని మా ఇంట్లో దాన్ని గద్ద కాసు అనేవాళ్ళు. రాణి బొమ్మ కాసులైతే మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉండేవి, కొండీలు అతికించి కాసులపేర్లు చేయించుకునేవాళ్ళు. గద్ద ఉన్నది మాత్రం మా ఇంట్లో ఒక్కటే. గుంటూరు ఆసుపత్రిలో పనిచేసిన ఒక అమెరికా డాక్టరమ్మకి మా అమ్మమ్మ తల్లి చాలా కాలం వండిపెట్టిందట. ఆవిడ ఓడెక్కి తన దేశం వెళ్ళిపోతూ, నన్ను మరిచిపోకు అని ఆ కాసు చేతిలో పెట్టిందట. ప్రేమతో ఇచ్చినదానికి కొండీ పెట్టి మెడలో వేలాడదీసుకోవడం అమ్మమ్మ తల్లికి మనసొప్పలేదు. మా చేలో పండిన దూదిలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టింది. అమ్మమ్మ కూడా అలాగే ఉంచింది. మనవరాళ్ళలో నేనే పెద్దదాన్ని కాబట్టి, ఇది దీనికే అని అందరి ముందూ చెప్పింది కూడా. అప్పటినుంచి నేను ఆ పెట్టె దగ్గర కొంచెం దర్జాగా నడిచేదాన్ని.

మా మామయ్య అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు. ఒంగోలులో ఒక పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసేవాడు. ఆకుని వెలుతురుకి పట్టి, రంగూ మచ్చా చిరుగూ చూసి, ఇది ఫలానా రకం అని తేల్చడం ఆయన ఉద్యోగం. పాత నాణేలు పోగుచెయ్యడం ఆయన సరదా. ఇంట్లో మిగతా పెద్దలకి పిల్లలు పనులు చెప్పడానికి తప్ప మాట్లాడటానికి పనికొచ్చేవాళ్ళు కాదు. మామయ్య అలా కాదు. నేను ఏదైనా అడిగితే, పెద్దవాళ్ళకి చెప్పినట్టే కూర్చుని చెప్పేవాడు. ఆయన వస్తున్నాడంటే నేను పొద్దున్నుంచే వీధరుగు వదిలేదాన్ని కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆయనంటే నాకు మొదటినుంచీ గిట్టదని ఎవరైనా అనుకుంటారేమోనని. నాకు మా నాన్నకంటే ఆయనంటేనే ఎక్కువ ఇష్టం.

ఒక వేసవిలో కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు ఘాటుకి ముక్కులకి కొంగులు కట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేనూ మామయ్యా వసారాలో కూర్చున్నాం. మామయ్య అమ్మమ్మని అడిగి గద్ద కాసు తెప్పించాడు. నాకు కాసు చూడటం నేర్పింది ఆ రోజే. మొహం మీద వేలు పెట్టకూడదు, అంచులు పట్టుకోవాలి. ఎదురుగా కాకుండా వాలుగా వెలుతురుకి పెట్టి మెల్లగా తిప్పాలి. అప్పుడు కాసు మీద వెలుగు ఒక చోట నిలవకుండా చుట్టూ తిరిగింది. చేతులు మారని కాసుకే ఆ వెలుగు ఉంటుందన్నాడు. అరుగుదల ఎక్కడ మొదలవుతుందో చూపించాడు. ఎత్తుగా ఉన్నవే ముందు అరుగుతాయి, దొరసాని నుదుటి మీది జుట్టు, గద్ద మెడ మీది ఈకలు, రెక్కల కొసలు. మా కాసులో జుట్టు పాయపాయగా కనిపిస్తోంది. గద్ద మెడ మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు.

కుడి రెక్క కింద ఆవగింజంత ఎర్ర చుక్క ఒకటి ఉంది. నేను పరికిణీ అంచుతో తుడవబోతే మామయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది మరక కాదమ్మడూ. బంగారంలో కలిపిన రాగి అలా పైకి తేలింది. ఎంత తోమినా పోదు. పాత కాసుని అసలు తోమనే కూడదు, తోమితే దాని ప్రాణం పోయినట్టే."

ఇలా అరగని కాసుకి, సరదా ఉన్నవాళ్ళు బంగారం ధరకి ఎన్నో రెట్లు ఇస్తారని కూడా ఆయనే చెప్పాడు. అరిగినదైతే మామూలు బంగారం ముక్కే, కరిగించుకోవడానికి తప్ప దేనికీ కాదు. నేను ఆ సెలవులంతా వెనకింటివాళ్ళ కాసులూ, ఎదురింటివాళ్ళ కాసులూ అడిగి చూస్తూ, ఇది ఫరవాలేదు, ఇది పోయింది అని తీర్పులు చెబుతూ తిరిగాను. మామయ్య నవ్వి, దీనికి నా కళ్ళు వచ్చాయి అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఆషాఢంలో మామయ్య వచ్చి, మద్రాసులో నాణేలు తెలిసిన పెద్దమనిషికి ఒకసారి చూపించి తెస్తానని కాసు పట్టుకెళ్ళాడు. కొడుకు అడిగితే అమ్మమ్మ ఎందుకు కాదంటుంది? వరలక్ష్మీ వ్రతం నాటికి తెచ్చెయ్యరా, అమ్మవారి ముందు పెట్టుకోవాలి అని మాత్రం అంది. చెప్పినట్టే వ్రతం ముందు రోజుకి తెచ్చేశాడు. కుంకుడు రసంలో కడిగి, కొత్త దూదిలో చుట్టి మరీ తెచ్చానన్నాడు. దూది విప్పగానే కాసు ధగధగలాడింది. అమ్మమ్మ మొహం విప్పారింది.

"ఇప్పుడొచ్చిందిరా దీనికి లక్ష్మీకళ! ఇన్నాళ్ళూ దుమ్ముకొట్టుకుపోయి ఉంది" అని కళ్ళకద్దుకుంది.

మా వాళ్ళ సంగతే అంత. పండగొస్తే కుంకుడు రసం, పసుపు, తళతళ. బంగారం మెరవాలి, తూగాలి. దాని మీద బొమ్మ ఎవరిదైతే ఎవరికి? మిరపకాయల రాశిలోంచి తాలుకాయని మాట్లాడుతూ మాట్లాడుతూనే ఏరి పారేసే అమ్మమ్మ, తన పెట్టెలో కాసుని ఒక్కసారైనా పరికించి చూసి ఎరగదు.

మర్నాడు వ్రతం పళ్ళెంలో పెట్టమని కాసు నా చేతికిచ్చారు. నేర్చుకున్నట్టే అంచులు పట్టుకుని, గుమ్మంలోకి వెళ్ళి వాలుగా తిప్పాను. మెరుస్తోంది కానీ, వెలుగు కదలడం లేదు. దొరసాని నుదుటి మీది జుట్టు చదునైపోయి ఉంది. గద్ద మెడ బోడిగా ఉంది. పై అంచున ఆకురాయితో రాసిన గీతలు, ఎప్పుడో కొండీ అతికించి తీసేసినట్టు. ఎర్ర చుక్క లేదు. కింద ఉన్న సంవత్సరం అంకెలు పాత కాసువేనా అంటే నాకు తెలియదు, నేనెప్పుడూ అంకెలు చూడలేదు, మొహమే చూశాను. కానీ ఇది ఆ మొహం కాదు.

నాకు ముందు వచ్చింది భయం, అదీ మామయ్య గురించి. పాపం, మద్రాసులో ఎవరో ఈయన్ని మోసం చేసి వేరే కాసు అంటగట్టారనుకున్నాను. పరిగెత్తుకుంటూ వెళ్ళి, పీటలు వేస్తున్న మా అమ్మా, అమ్మమ్మా, పేరంటానికి సాయం వచ్చిన ఇరుగుపొరుగు అందరూ వినేటట్టు చెప్పేశాను.

"మామయ్యా, నిన్ను మోసం చేశారు! ఇది మన కాసు కాదు!"

ఆయన కాసు వైపు చూడలేదు. అది నేను ఈ రోజుకీ మరిచిపోలేను. తన వస్తువు మారిపోయిందంటే ఎవరైనా ముందు వస్తువుని లాక్కుని చూస్తారు. ఆయన నా వైపు చూసి నవ్వాడు.

"అదేనమ్మా. కడిగేసరికి నీకు కొత్తగా కనిపిస్తోంది."

"ఎర్ర చుక్క ఏదీ మరి?"

"అదా? మరక. కుంకుడు రసానికి పోయింది."

"ఎంత తోమినా పోదని నువ్వే చెప్పావుగా!"

ఆయన మా అమ్మ వైపు తిరిగి, తల అడ్డంగా ఊపి, "నేనెప్పుడు చెప్పానే ఆ మాట? పిల్లలు ఏవో ఊహించుకుంటారు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. మోసపోయింది ఆయన కాదు. కాసు మార్చుకొస్తే మార్చుకొచ్చాడు, నాకు అంతకంటే పెద్ద దెబ్బ ఆ చివరి మాట. వసారాలో నా చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి, ఆ వసారానే లేదంటున్నాడు. నేను ఏడుస్తూనే, ఇది కాదు, ఇది కాదు అని మొండికేశాను. అమ్మమ్మకి ఏమనిపించిందో, దీని తృప్తి కోసమైనా తూయించేద్దాం అని ఆచారిగారికి కబురుపెట్టింది. మా ఊరి కంసాలి ఆయనే. ఆ కాసుని ఇదివరకు ఒకసారి తూచి ఉన్నాడు. గీటురాయి మీద గీసి చూశాడు, చిన్న త్రాసులో గురివింద గింజలు వేసి తూచాడు.

"మేలిమిలో తేడా లేదమ్మా. తూకం కూడా సరిపోయింది. రవ్వంత తక్కువ, త్రాసన్నాక ఆ మాత్రం ఉంటుంది" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. అడిగింది తూకం, చెప్పింది తూకం. బంగారానికి బంగారం సరిపోయింది కాబట్టి మా ఇంట్లో ఎవరికీ ఏమీ పోలేదు. పోయింది ఏమిటో తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరమే, నేనూ మామయ్యా. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమో, కనీసం కళ్ళతోనైనా ఒప్పుకుంటాడేమో అని. ఆయన తాపీగా అగరొత్తుల పొట్లం విప్పుతున్నాడు.

మా అమ్మ పుట్టింటి మీద ఈగ వాలనిచ్చే మనిషి కాదు. అందరి ముందూ తమ్ముణ్ణి దొంగని చేశానని నా వీపు మీద ఒక్కటి వేసి, మామయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి తప్పయిందని చెప్పమంది. నేను కదల్లేదు. మెడ పట్టి వంచింది. అప్పుడు మామయ్య నన్ను లేవదీసి, తల నిమిరాడు.

"పోనీలే అక్కా, చిన్నపిల్ల. దానికేం తెలుసు, వదిలెయ్" అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అందరూ ఎంత మంచి మనసో అన్నారు. ఆయన నన్ను క్షమించాడు మరి! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టినందుకు నేనే దణ్ణం పెట్టాను.

ఆ తరవాత కూడా మామయ్య వస్తూనే ఉండేవాడు, నాకు మైసూరుపాకం పొట్లం తెస్తూనే ఉండేవాడు. కానీ మళ్ళీ ఎప్పుడూ నా చేతిలో ఒక్క నాణెం పెట్టలేదు. నేను పెద్దదాన్నయ్యాక కూడా, ఏ పెళ్ళిలోనో నన్ను పక్కకి పిలిచి, నువ్వు చూసింది నిజమేనే అంటాడని ఎదురుచూశాను. కాసు తెచ్చి ఇవ్వక్కర్లేదు. ఆ ఒక్క మాట అంటే చాలనుకున్నాను. కోపం ఉంది, ఆ కోపం కిందే ఇష్టం కూడా ఉండిపోయింది. అదే నా ఖర్మ.

నా పెళ్ళికి అమ్మమ్మ మాట తప్పకుండా ఆ కాసు నాకే ఇచ్చింది. మామయ్య చివరి రోజుల్లో మంచాన పడ్డాడని తెలిసి ఒంగోలు వెళ్ళాను. వెళ్తూ కాసు పట్టుకెళ్ళాను. కళ్ళకి పొరలొచ్చి అప్పటికే ఆయనకి మనుషులు సరిగా ఆనడం లేదు. నేనే పేరు చెప్పి, కాసు అరచేతిలో పెట్టాను. బొటనవేలితో మెల్లగా తడిమాడు. గద్ద మెడ దగ్గర వేలు ఆగింది. అంచు మీద గీతలు తగిలిన చోట ఇంకోసారి ఆగింది. గదిలో ఇంకెవరూ లేరు.

"మంచి కాసమ్మా. ఏం అరగలేదు. జాగ్రత్తగా దాచుకో" అన్నాడు.

సరే మామయ్యా అని తీసుకున్నాను. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆ వ్రతం నాటి నుంచి నా దగ్గర మిగిలింది ఒక్కటే అలవాటు. మా ఇంట్లో ఏ పిల్లైనా వచ్చి, ఇది అది కాదు అంటే, నేను తూకానికి పంపను, పెద్దవాళ్ళ మొహాలు చూడను. పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ కాదో చూపించు అంటాను. కొన్నిసార్లు పిల్లలదే పొరపాటు అవుతుంది, అయినా చూస్తాను. ఆ వ్రతం రోజు ఒక్కరు నా పక్కన కూర్చుని చూసి ఉంటే, కాసు ఎవరు పట్టుకుపోయినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.