తీగలు తీసేసిన ప్లగ్ పాయింట్

దయ్యాలంటే నాకు నవ్వు. ఎవరైనా చెప్పబోతే "ముందు ఫ్యూజు చూసుకో" అనేదాన్ని. ఇది మాత్రం నా కళ్లతో చూసింది. తలచుకుంటే భయం కన్నా ముందు అసహ్యమే వస్తుంది.

దేశ రాజధానిలోని ముఖర్జీ నగర్‌లో నేనూ మా చెల్లి లావణ్యా ఒకే గదిలో ఉండి సివిల్స్‌కి చదివేవాళ్లం. పీజీలో రెండు పూటలా రొట్టెలే. అన్నం లేకపోతే మాకు తిన్నట్టే ఉండదు కదా! ఓనరు ఆంటీకి తెలియకుండా మంచం కింద రైస్ కుక్కరు పెట్టుకున్నాం. చలికాలంలో రూమ్ హీటరూ చేరింది. దాని లావు పిన్ను చిన్న సాకెట్‌లో పట్టక, కన్వర్టరు తగిలించి రెండూ అందులోంచే నడిపాం.

సాకెట్ అంచులు కరిగాయి. కాలిన ప్లాస్టిక్కు వాసన, గంజి వాసన కలిసి... ఛీ! లావణ్య తల పెట్టుకునేది ఆ గోడ వైపే. మంచం జరపడానికి చోటు లేదు. ఆంటీకి చెబితే కుక్కరు బయటపడుతుందని ఓర్చుకున్నాం.

నిప్పురవ్వలు ఎగిరాక చెప్పక తప్పలేదు. ఆవిడ వచ్చి, మసి మీద గులాబీ పువ్వు స్టిక్కరు అంటించి, "ఠీక్ హై బేటా, హీటర్ కమ్ చలావో" అని, హీటరు తక్కువ వాడమని చెప్పి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మేమే ఎలక్ట్రీషియన్ని పిలిచాం. బోర్డు విప్పితే లోపల వేగిపోయిన బొద్దింకలు, జిడ్డు. వదులైన తీగ కరిగి ముద్దయింది. "ఇత్నా లోడ్, దీదీ?" అని, ఒక్క సాకెట్ మీద ఇంత లోడేమిటని తిట్టి, ఆ తీగలు మొత్తం బయటికి లాగేసి, సాకెట్ తీసి చిల్లుల్లేని ఖాళీ ప్లేటు బిగించాడు. హీటరుకి తలుపు దగ్గర వేరే లైను వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వచ్చేసరికి మళ్లీ అదే వాసన. లావణ్య నిద్రపోతోంది. హీటరు ఆపి ఉంది. ఆ ఖాళీ ప్లేటు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గోడకి అవతల మెట్లు తప్ప ఏమీ లేవు.

చెల్లిని రెక్క పట్టి లాగేశాను. దిండు గలేబు పొద్దున్నే నేను మార్చిందే. ప్లేటుకి ఆనిన వైపు మూడు చిల్లులు కాలి ఉన్నాయి. పైన ఒకటి పెద్దది, కింద రెండు చిన్నవి, అచ్చం ప్లగ్గు పిన్నుల్లాగే. దాని జుట్టుకి బెత్తెడు దూరంలో.

ఎలక్ట్రీషియన్ మళ్లీ వచ్చాడు. ప్లేటు విప్పితే ఖాళీ పెట్టె, తీగ ముక్క కూడా లేదు. వేలు లోపల పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "దీదీ, కమ్రా బదల్ లో" అన్నాడు. గది మార్చెయ్యమని, అంతే.

సాయంత్రానికే ఖాళీ చేశాం. ఆంటీ సిగ్గులేకుండా ఆ ప్లేటు మీద ఇంకో గులాబీ అంటించి, గది వేరే అమ్మాయికి ఇచ్చేసింది. ఆ పిల్లకి జరిగిందంతా చెప్పాను. నవ్వింది, ఒకప్పుడు నేను నవ్వినట్టే.

తీగే లేని చోట వేడి ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. లావణ్య మాత్రం ఎక్కడ పడుకున్నా ముందు గోడకి అరచెయ్యి ఆనించి చూస్తుంది. నేనూ వద్దనను.