పెద్దమ్మ తలకి వైర్ల టోపీ

ఏం చదివావని అడిగితే ఒక్క మాటలో చెప్పలేని చదువు ఎంత కష్టమో ఆ రోజుల్లో నాకు బాగా తెలిసింది. కాగ్నిటివ్ సైన్స్ అనగానే మా రాజమండ్రి చుట్టాలు "అంటే ఏంటమ్మా, కంప్యూటరా?" అనేవారు. కొంచెం అదీ ఉంటుందండీ అనేదాన్ని. "మరి డాక్టరు చదువా?" అంటే, అదీ కొంచెం ఉంటుందండీ. "పూర్తిగా ఏముంటుందో అది చెప్పు" అని మా వీధిలోని లెక్కల మాస్టారు ఒకసారి నిలదీశారు. ఒక సంగతి మనిషి బుర్రలోకి ఎలా చేరుతుంది, ఎలా నిలుస్తుంది అన్నది ఏ ఒక్క శాస్త్రానికీ లొంగలేదు కనుక, నాలుగైదు శాస్త్రాలవాళ్ళు కలిసి పట్టుకుందామని చూసే చదువండీ అన్నాను. ఆయన అదంతా విని "ఉద్యోగం వస్తుందా?" అన్నారు.

వచ్చింది. ఇరవై మూడో ఏట ఒక ప్రాజెక్టులో సహాయకురాలిగా చేరాను. అందులో నలుగురు పెద్దలు: మెదడు డాక్టరమ్మ, భాషల మాస్టారు, తత్వం మాస్టారు, కంప్యూటరాయన (ఈయన్ని మాత్రం ఎవరూ మాస్టారనలేదు, ఎందుకో ఆయనా అడగలేదు). చేతిపనివాళ్ళు వస్తువుల్ని ఎలా గుర్తుపడతారన్నది వాళ్ళ ప్రశ్న. మీ వైపు ఎవరైనా ఉన్నారా అని నన్నడిగితే, వెనకాముందూ చూడకుండా మా పెద్దమ్మ సంగతి చెప్పాను. కడియం దగ్గర పెదనాన్నకి చిన్న నర్సరీ ఉంది. పెద్దమ్మ ఏళ్ళ తరబడి అక్కడ మామిడి మొక్కలకి అంట్లు కడుతోంది. కళ్ళు మూసుకుని ఆకు తడిమి అది బంగినపల్లో, సువర్ణరేఖో, కొత్తపల్లి కొబ్బరో చెప్పేస్తుందన్నాను. (అలా చెప్పడం నేను చూసింది ఒక్కసారే, అదీ ఆవిడ కళ్ళజోడు కనబడకుండా పోయినప్పుడు.) ఆ మాటకి నలుగురి ముఖాలూ వెలిగాయి. ఆవిడ నిజంగా చెప్పగలిగితే ప్రాజెక్టు ఇంకో ఏడాది సాగుతుందని, దాంతోపాటు నా ఉద్యోగమూ సాగుతుందని నాకు అర్థమైంది.

మెదడు సంకేతాలు నమోదు చేసే మెషీనుకి చల్లటి గది కావాలని రాజమండ్రిలో ఒక లాడ్జి గది తీసుకున్నారు. పెద్దమ్మ, పెదనాన్న ఆటోలో దిగారు. ఫోటో తీస్తారేమోనని ఆవిడ తలకి బాగా కొబ్బరినూనె పట్టించి, జడ వేసుకుని, కనకాంబరాలు తురుముకుని వచ్చింది. డాక్టరమ్మ ఆ జడ చూసి నా వంక చూసింది. తలలో వచ్చే సంకేతాలు పట్టుకునే వైర్ల టోపీ నూనె జుట్టు మీద పనిచెయ్యదని పెద్దమ్మకి చెప్పాల్సిన బాధ్యత నాది. ముందే చెప్పడం మర్చిపోయిన ఘనతా నాదే.

"తలంటు పోసుకోవాలా, ఇప్పుడా?" అంది పెద్దమ్మ.

"షాంపూ తెస్తాను పెద్దమ్మా."

"పరాయి చోట తలంటేంటే" అని సణుగుతూనే లేచింది. మోకాళ్ళ దాకా ఉన్న ఆ జుట్టు ఆరడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ తత్వం మాస్టారు కనకాంబరాల మాల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు. ఎక్కడ పెట్టాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆరిన తలకి మళ్ళీ జిగురు జెల్ పూసి టోపీ పెట్టాం. కళ్ళకి గంతలు కట్టాం. పళ్ళెంలో కోసి తెచ్చిన ఆకులు ఒక్కొక్కటే చేతికిచ్చాను. మొదటిది తప్పు. రెండోది తప్పు. సువర్ణరేఖని ఏకంగా సపోటా అంది. నలుగురూ గొడవకి దిగారు. భయం వల్ల అని డాక్టరమ్మ, నేను ప్రశ్న అడిగిన తీరు వల్ల అని భాషల మాస్టారు, ఆకుల సంఖ్య చాలదని కంప్యూటరాయన, అసలు గుర్తుపట్టడం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలని తత్వం మాస్టారు.

నేను ఏడుపు ఆపుకుంటూ వరండాలోకి వచ్చాను. అక్కడ పెదనాన్న నిలబడి ఉన్నారు. ఊళ్ళో ఎవరో పెద్దమ్మ తలకి పరీక్షలట అన్నారట, పొద్దుటినుంచీ ఫోన్లే. "నిజం చెప్పమ్మా. ఆవిడ తలలో ఏమైనా ఉందా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?" అన్నారు. అంతదాకా నా ఉద్యోగం గురించి తప్ప మరోటి తోచని నాకు, అప్పుడు తల దించుకోవాలనిపించింది. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ తన గొడవ ఆపి, తెర మీద పాకుతున్న గీతలు చూపిస్తూ "అంతా బాగుందండీ, ఇదిగో, ఇది ఆవిడ కళ్ళార్పినప్పుడు" అని ఓపిగ్గా చెప్పింది. పెదనాన్న గీతల్ని చూడలేదు, పెద్దమ్మని చూశారు. అప్పుడు పెద్దమ్మ గంతలు పైకి జరిపి, "ఒట్టి ఆకు ఇస్తే ఏం తెలుస్తుందండీ. మొక్క కవరు బరువుండాలి, మట్టి తడి తగలాలి, పక్కన ఈయన ఏదో ఒకటి అంటూ ఉండాలి. రేపు తోటకి రండి, చెప్తాను" అంది.

మర్నాడు తోటలో, టోపీ లేకుండా, కళ్ళు మూసుకుని, మాట్లాడుతూనే, వరసలో ఒక్క మొక్కనీ తప్పు చెప్పలేదు. నలుగురూ గట్టు మీద కూర్చుని, పెద్దమ్మ వడ్డించిన పప్పు, ఆవకాయ తింటూ, ఎడమచేత్తో గాల్లో బొమ్మలు గీస్తూ మళ్ళీ గొడవపడ్డారు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ మిగతా సగం కోసం వాళ్ళు అంత ఆత్రంగా వంగి వినడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. జీవితమంతా ఇలాగే ఉంటుందనుకున్నాను.

టోపీ లేకుండా చెప్పింది లెక్కలోకి రాదన్నారు, ప్రాజెక్టు మరో ఏడాది సాగలేదు. నలుగురూ తలో ఊరు వెళ్ళిపోయారు. నేనిప్పుడు ఒక ఆఫీసులో, జనం వేలు ఫోన్‌లో ఏ బటన్ మీద పడుతుందో చూసే పని చేస్తున్నాను. జీతం బాగానే ఉంది. పక్కన కూర్చుని నా మాట కాదనేవాళ్ళే లేరు.

మొన్న పాత సామాన్లలో అప్పటి నోట్‌బుక్ దొరికింది. లాడ్జి రోజు పేజీలో నా గుండ్రటి అక్షరాలతో, "పరికరం సరిగా పనిచేసింది. మనిషి సహకరించలేదు" అని రాసి ఉంది. సిగ్గేసి పెద్దమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. "చిన్నదానివి, కంగారుపడ్డావులే. ఈసారి వచ్చేటప్పుడు ఆ నలుగురినీ తీసుకురా. వాళ్ళ గొడవ బాగుంటుంది" అంది.

అలాగే పెద్దమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే నా దగ్గర భాషల మాస్టారి నంబరొక్కటే మిగిలింది. చేశాను. అవతల రింగవుతుంటే, ఆయన ఎత్తితే నేనెవరినని చెప్పుకోవాలో తోచక, ఇన్నేళ్ళొచ్చినా నాకింకా కంగారే కదా అని నవ్వుకుంటూ నిలబడ్డాను.