కూర్మయ్య నాలుక మీద ఇసుక

ట్రాక్టరు మా పెరట్లో ఇసుక దించగానే కూర్మయ్య తాత చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. కాసేపు చప్పరించి ఉమ్మేశాడు.

"పరవానేదు. వంశధార ఇసకే."

నాకు నవ్వొచ్చింది. "తాతా, నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే చాలు. ఉప్పుంటే తెల్లగా తేలుతుంది."

"నీ సుక్క సీసాలో ఉంటాది. నా నాలిక నా నోట్లోనే ఉంటాది గదమ్మా."

మాది నౌపడ. ఇంటి వెనక, రోడ్డు కోసం మట్టి తవ్వుకుపోయిన గొయ్యి ఉంది. వానలకు నిండితే కార్తీక పౌర్ణమి దాకా ఎండదు. మా పాప ఫిన్నీకి పంతొమ్మిది నెలలు. వంటింటి గుమ్మం నుంచి గొయ్యి అంచుకు దాని అడుగులు నలభై ఒకటి. నేను లెక్కపెట్టాను, ఒకసారి కాదు. కిందటేడు వేయించిన కంచె సిమెంటు స్తంభాలు ఈ వానలకు కదులుతుంటే, వాటి చుట్టూ ఇంకాస్త కాంక్రీటు వేయించాలని కూర్మయ్యను పిలిచాను. ఊళ్ళో తాపీ పట్టిన పాతవాళ్ళలో ఆయనే మిగిలాడు. పుట్టింది శ్రీకూర్మంలో. ఆ దేవుడి పేరే పెట్టారు.

ప్రతి స్తంభం చుట్టూ మూరెడు లోతు తవ్వేవాడు. కంకర పిక్క, ఇసుక, సిమెంటు కలిపి పోసి, ఇనప కడ్డీతో పొడిచి పొడిచి గాలి పోగొట్టేవాడు. నేల మీదికి నాలుగు వేళ్ళ ఎత్తున గట్టు కట్టి, వాన నీరు బయటికి జారేలా వాలుగా తాపీతో నున్నగా రుద్దేవాడు. ఆ రుద్దడానికే అరగంట పట్టేది.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన దాలమ్మ మొగుణ్ణి చూసి మూతి తిప్పింది.

"ఏటి, ఆ స్తంభానికి పెళ్ళి సేస్తన్నావా? నాకు పెళ్ళినాడు కూడా ఇంత నలుగు పెట్టనేదు."

"నువ్వు కదలకుండా ఉన్నావేటి, పెట్టడానికి?"

ఇద్దరూ నవ్వుతుండగానే ఫిన్నీ పరుగెత్తుకొచ్చి, ఇంకా గట్టు వేయని స్తంభాన్ని పట్టుకుని వెనక్కి ఊగింది. కూర్మయ్య తాపీ పారేసి, సిమెంటు చేతులతోనే దాన్ని లాక్కుని గుండెలకేసి అదుముకున్నాడు. పిల్ల జడుసుకుని ఏడ్చింది. అయినా ఆయన వదల్లేదు. దాలమ్మ అన్నం గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

అప్పుడు చెప్పాడు. తొమ్మిదేళ్ళ కిందట ఉప్పుటేరు పక్కనున్న కూతురి ఇంట్లో, నూతి చుట్టూ కంచె స్తంభాలు కదులుతుంటే తనే కాంక్రీటు వేశాడు.

"ఉప్పుటేటి ఇసక సన్నగా, తెల్లగా ఉంటాదమ్మా. నునుపు అద్దంలాగ వస్తాది. కూతురి ఇల్లు గదా, అందంగా ఉండాలని అదే కలిపేసినాను. నీళ్ళూ ఆ ఏటివే."

మూడో ఏడు వానల్లో మనవరాలు భవాని కంచె పట్టుకుని నూతిలోకి తొంగి చూసింది. గట్టు దగ్గర స్తంభం పుటుక్కున విరిగింది. నాలుగేళ్ళ పిల్ల, నూతిలోనే పోయింది.

"అంతకు ముందు దినం ఎద్దు స్తంభాన్ని గుద్దేసినాదని దాలమ్మ అంటాది. ఊరంతా అదే అన్నారు. నా కూతురూ అదే అన్నాది. అని, మరి నా ఇంటికి రానేదు."

మర్నాడు గోనెసంచిలో ఒక ముక్క చుట్టి తెచ్చాడు. విరిగిన స్తంభం మొదలు, దానికంటుకున్న గట్టు పెచ్చు. "నీ సుక్క ఎయ్యమ్మా. నిజం సెప్పు."

చుక్క అక్కర్లేదు. గట్టులోని ఉప్పుకు స్తంభం లోపలి ఇనప కడ్డీ తుప్పు పట్టి సూదిలా సన్నబడింది. ఆ తుప్పే ఉబ్బి స్తంభాన్ని చీల్చింది. అయినా కాలేజీకి తీసుకెళ్ళి పెచ్చు పొడి చేశాను, ఆమ్లం కలిపి వడగట్టి చుక్క వేశాను. పాలు విరిగినట్టు తెల్లగా ముద్ద కట్టింది. మా పెరటి కాంక్రీటు ముక్కతోనూ చేశాను. నీళ్ళు ఇంచుమించు తేటగానే ఉన్నాయి. ఆ రెండు పరీక్ష నాళికలూ స్టాండులో పక్కపక్కన పెట్టాను.

సాయంత్రం వచ్చేసరికి ఆయన చివరి స్తంభం దగ్గరున్నాడు. వెనక దాలమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తెల్లగా తేలినాదా అమ్మా?"

"లేదు తాతా. ఏమీ తేలలేదు. ఎద్దు గుద్దడం వల్లే అయ్యుంటుంది."

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. చివరి మనిషి కూడా వెళ్ళిపోయినట్టు చూశాడు.

"విరిగిన నాడే నాను దాన్ని నాలిక్కి ఏసుకున్నానమ్మా," అన్నాడు మెల్లగా. "ఒక్కరైనా ఆ నిజం నాతో అంటారని సూస్తన్నాను."

తాతా, అని పిలిచాను. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన వంగి, చివరి గట్టు అంచు మరోసారి రుద్ది, తాపీ కడుక్కున్నాడు. గోనెసంచి నా చేతిలోంచి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"వారం దినాలు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పొయ్యమ్మా. బోరు నీళ్ళొద్దు. అవి ఉప్పగుంటాయి. కుళాయి నీళ్ళు."

పోస్తానన్నాను. బిందె మోసుకుంటూ వారం రోజులూ పోశాను. ఫిన్నీ చిన్న చెంబుతో నా వెనకే వచ్చేది.