డాక్టరుగారికి చెప్పని పొడుం డబ్బీ

దేహాల రుగ్మతను హరించే భాస్కరునికి నమస్కరించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

యువ నామ సంవత్సర (1995) శ్రావణ బహుళ షష్ఠి నాడు, ఉదయగిరిలో మా ఇంట స్నానం చేస్తుండగా వీపున మంట పుట్టినది. సెగగడ్డ అనుకున్నాను. వారానికి అది అరచేతంత అయినది, జ్వరమూ వచ్చినది. నాకు షుగర్ ఉన్నది. ఆత్మకూరులో ఒక ఆసుపత్రిలో చేరినాను. గడ్డ కోసి ఇంజెక్షన్లు ఇచ్చినా చీము ఆగలేదు.

పక్క మంచం వరికుంటపాడు రైతు ఏసురత్నానిది. తొడ ఎముక విరిగి, రాడ్ వేసే ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. "అయ్యవారూ, ఒక పట్టు" అని రోజూ చేయి చాచేవాడు. నా చెంబు, నా తువ్వాలు ఎవరినీ తాకనిచ్చేవాణ్ణి కాను. ముక్కుపొడుం డబ్బీలో మాత్రం ఇద్దరి వేళ్లూ ఆడేవి.

డాక్టరుగారు నా పుండు నుంచి, ముక్కు నుంచి దూదిపుల్లతో స్వాబ్ తీయించి నెల్లూరు ల్యాబుకు పంపినారు. నాలుగవ నాడు రిపోర్టు వచ్చినది.

"మాస్టారూ, ఇది ఎమ్.ఆర్.ఎస్.ఏ. అనే క్రిమి. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు. మీ ముక్కులోనూ ఉంది. మీ తువ్వాలు, గ్లాసు లాంటివి ఎవరైనా వాడినారా? వాడుంటే వాళ్లకూ టెస్ట్ చెయ్యాల."

"నా వస్తువులు పరులు తాకరు" అన్నాను.

ఆయన వెళ్లగానే నా భార్య మెల్లగా అడిగినది. "డబ్బీ సంగతి చెప్పలేదేమండీ?"

"అది అడగలేదు గదా."

చెప్పితే ఏసురత్నం ఆపరేషన్ వాయిదా పడునని తెలుసు. నా మడి నవ్వులపాలగునని అంతకంటె బాగా తెలుసు. నన్ను వేరే గదికి మార్చినారు. మరునాడు అతనికి రాడ్ వేసినారు.

వాంకోమైసిన్ ఇంజెక్షన్లతో నా జ్వరం దిగినది. ముక్కుకు ఆయింట్‌మెంట్ ఇచ్చినారు. ఆపరేషన్ అయిన పదవ నాడు సిస్టర్ చెప్పినది, ఏసురత్నం కుట్లలో చీము, ల్యాబు కల్చర్ పరీక్షలో అదే క్రిమి అని. అప్పుడు డాక్టరుగారితో నిజం చెప్పినాను. ఆయన ఏసురత్నం కేస్ షీటు తెరిచి చూసినారు.

"మీ నుంచే వచ్చిందని నేను చెప్పలేను. ముందే తెలిసుంటే స్వాబ్ చూసి, అది పోయినాకనే కత్తి పట్టేవాణ్ణి."

ఏసురత్నం మంచం వద్ద నిలబడి అంతా ఒప్పుకున్నాను.

"పొడుం అడిగింది నేనే లే అయ్యవారూ. నోరు మూసుకున్నది మాత్రం మీరు. బళ్లో పిలకాయలైతే గోడకుర్చీ వేయించేవాళ్లు గదా" అన్నాడు. నవ్వలేదు.

నా పుండు మానినది. పొడుం మానినాను. చదువరులకు విన్నపమొకటే: ముక్కులో పుల్ల పెట్టి పరీక్షించుట మన శుచిని శంకించుట కాదు. ఎవరితో ఏమి పంచుకున్నారో, అడగకపోయినా డాక్టరుకు చెప్పండి.

1996 ఫిబ్రవరి 12వ తేదీన చీము ఆగక ఏసురత్నం కాలిలోని రాడ్ తీసివేసినారు. కాలు రెండంగుళాలు కురచైనది. ఆ యేటి నుంచి అతడు మడక పట్టి పొలం దున్నలేదు.