తెల్లమచ్చల మనీప్లాంటు

మా ఆవిడ పోయాక పరామర్శకు వచ్చినవాళ్లు ఆమెను దేవత అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. నాకు తెలిసినంతలో ఆమె నా చేత దొంగతనం చేయించిన మనిషి.

పందొమ్మిది వందల అరవైల చివర్లో చీపురుపల్లి హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. మా ఇల్లు స్టేషను పక్కనే. స్టేషన్ మాస్టరు భార్య ఖరగ్‌పూర్ నుంచి తెచ్చుకున్న మనీప్లాంటు, ప్లాట్‌ఫారాన్ని ఆనుకునే ఉన్న వాళ్ల క్వార్టరు వరండా కమ్మీల మీదుగా కిందికి వేలాడుతుండేది. మామూలు మనీప్లాంటు ఆకు పచ్చగా, అక్కడక్కడా పసుపు చారలతో ఉంటుంది. దీని ఆకు సగానికి పైగా తెలుపు. పాలు చిలకరించినట్టుందని మా ఆవిడ అనేది. నాకు మాత్రం సున్నం వేసేవాడు చెయ్యి దులిపినట్టు కనిపించేది. తెలుపు ఎక్కువ కాబట్టి తీగ నెమ్మదిగా సాగుతుంది. చీకటి మూల పెడితే కొత్త ఆకులు పచ్చబడిపోతాయి. పువ్వు లేదు, కాయ లేదు. అయినా ఆమెకు అదే కావాలి. మా ఇంట్లో పనికిరాని వస్తువు ఒక్కటీ లేదు. ఒక్కటైనా ఉండాలని ఆమె కోరిక.

అడిగితే ఇచ్చేవారే. చిక్కంతా అక్కడే. మనీప్లాంటు ఒకరిస్తే బతకదని, దొంగిలించి తెస్తేనే నాటుకుంటుందని ఇద్దరాడవాళ్లకీ గట్టి నమ్మకం. ఈలోగా స్టేషన్ మాస్టరుకి బదిలీ అయింది. మర్నాడే సామానుతోపాటు కుండీ కూడా రైలెక్కేస్తుంది. మా ఆవిడ అక్క వరసలో 'అప్ప' అని పిలిచే స్టేషన్ మాస్టరు భార్య తనతో అందట:

"సెల్లెమ్మా, మజ్జానం అన్నాలు తిని నాను తొంగుంటాను. వరండాలో ఎవులూ ఉండరు. ఆపైన నీ ఇష్టం."

"అయితే నువ్వే వెళ్లు," అన్నాను మా ఆవిడతో.

"నాను ఎల్తే అప్ప ఆగలేదండి, సేతికిచ్చేస్తాది. మీరైతే అప్పతో మాటాడరు గదా. కణుపు కింద తుంచండి. కణుపు లేకపోతే వేరు రాదు."

వెళ్లాను. కణుపు కోసం కళ్లజోడు సవరించుకుని వెతికి, తుంచాను. వెనక నుంచి పోర్టరు కేకేశాడు.

"ఓలమ్మో! మేస్టారూ, ఏటి సేస్తన్నారు?"

పాసింజరు కోసం కూర్చున్న జనం లేచి వచ్చారు. అందులో నా తొమ్మిదో తరగతి విద్యార్థి తండ్రి ఒకడు. లోపల నిద్రపోవలసిన ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది.

"అమ్మగోరూ, మేస్టారు మీ మొక్క తెంపేస్తన్నారు. మీరే ఇచ్చినారేటి?"

ఔనంటే మా ఆవిడ మొక్క చచ్చినట్టే. కాదంటే నా పరువు పోయినట్టే. ఆవిడ నా వంక జాలిగా చూసింది.

"నానివ్వలేదు," అంది చివరికి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"మరి?" అన్నాడు పోర్టరు నాతో.

"దొంగతనమే," అన్నాను.

పోర్టరు బుర్ర గోక్కున్నాడు. "కూరకేటీ లేదేటి మేస్టారూ? మా పాదుకి ఆనపకాయలున్నాయి, అట్టుకెల్లండి. ఈ ఆకు తినీకండి."

ఇంతలో రైలొచ్చింది కాబట్టి బయటపడ్డాను. ఇంటికొచ్చి, రేపు బడిలో ముఖం ఎలా చూపించనని మా ఆవిడను అడిగాను. ఆమె ఆ మాట వినిపించుకోలేదు.

"అప్ప ఇచ్చినానని అనలేదు గదా?"

"అనలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు గానీ తీగ అందుకోలేదు. కణుపు మునిగేలా సీసాలో నీళ్లు పోసి, వెలుగు పడే కిటికీలో పెట్టింది.

మర్నాడు వాళ్లను రైలెక్కించడానికి ఇద్దరం వెళ్లాం. స్నేహితురాళ్లు కళ్లు తుడుచుకున్నారు, కొత్త ఊళ్లో నీళ్లెలా ఉంటాయో మాట్లాడుకున్నారు. మొక్క మాట ఎవరూ ఎత్తలేదు. మేలు చేశావని ఒక్క మాటన్నా అది ఇచ్చినట్టయిపోతుందని మా ఆవిడ భయం. రైలు కదిలాక స్టేషన్ మాస్టరు భార్య ఇక ఉండబట్టలేక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది:

"ఒసే దొంగా! సీసాలో నీళ్లు మార్సుతుండు!"

ప్లాట్‌ఫారం మీద జనమంతా నా వైపు చూశారు.