ప్రిన్సిపాల్‌గారికి రోమన్ పద్ధతిలో విన్నపం

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఫిబ్రవరిలో, సిడ్నీలోని క్వేకర్స్ హిల్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలుకు నన్ను ప్రాచీన చరిత్ర టీచరుగా వేశారు. పదకొండో తరగతికి రోమన్ పెద్దమనుషుల దినచర్య, ఉత్తరప్రత్యుత్తరాలు చెప్పాలి. ఆ పెద్దమనుషులకు బొత్తిగా తీరిక ఉండేది కాదు. పొద్దున్నే గుమ్మంలో చేరిన ఆశ్రితుల నమస్కారాలు అందుకోవాలి, మధ్యాహ్నం స్నానశాలకు వెళ్లాలి, సాయంత్రం మంచం మీద ఒరిగి పడుకుని భోంచేయాలి. ఇంత శ్రమలోనూ, తమకు ఊపిరాడడం లేదని మిత్రులకు ఉత్తరాలు రాసేవారు. రాసేవారంటే, వీళ్లు చెబుతుంటే బానిస రాసేవాడు.

టర్మ్ మధ్యలో ప్రిన్సిపాల్‌గారు పిలిచి, పిల్లలు తక్కువ కనుక పన్నెండో తరగతిలో ఈ సబ్జెక్టు ఉండదన్నారు. ఉంచవలసిన కారణాలన్నీ వివరిస్తూ మెమో పంపాను. మీ అభిప్రాయానికి విలువ ఇస్తున్నామని జవాబొచ్చింది. అంటే చదవలేదన్నమాట. మళ్లీ పంపాను. మళ్లీ విలువ ఇచ్చారు.

క్లాసులో అందరికంటే ఎక్కువ దిగులుపడింది దివ్య. విజయవాడ వాళ్లమ్మాయి, పుట్టింది ఇక్కడే. పురావస్తుశాస్త్రం చదవాలని దాని ఆశ. పేరెంట్స్ మీటింగులో వాళ్లమ్మ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"పోన్లెండి సార్, యూనికెళ్లి ఐటీ చేస్తుంది. రోమ్ వాళ్ల లెటర్స్ చదివితే జాబ్ ఎవరిస్తారండీ?"

"మమ్, ఐ డోంట్ వాంట్ ఐటీ," అంది దివ్య, తల ఎత్తకుండా.

ఆ వారం పాఠం సిఫార్సు ఉత్తరం. దానికో పద్ధతుంది. మొదట 'నీవు క్షేమమైతే మంచిది, నేను క్షేమం' అనాలి. మన ఉభయకుశలోపరి లాంటిదే. తరవాత చదివేవాడి పాండిత్యాన్నీ ఔదార్యాన్నీ పొగడాలి. అడగదలచింది చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు, ఒక్క వాక్యంలో అడగాలి. హోంవర్కుగా ప్రిన్సిపాల్‌గారికే అలా రాయమన్నాను.

దివ్య తనది తెచ్చి ఇబ్బందిగా నిలబడింది. "సర్, దిస్ ఈజ్ జస్ట్ సకింగ్ అప్."

ఈ కాకాపట్టడాన్నే రోమ్‌లో సంస్కారమనేవారని చెప్పి, ఉత్తరం పంపించాను. అసెంబ్లీలో చెత్తబుట్టల గురించి ప్రిన్సిపాల్‌గారు చేసే ప్రసంగాల గాంభీర్యాన్ని ఆ పిల్ల పేజీన్నర పొగిడింది. సబ్జెక్టు ఉంచమని చివర ఒక్క ముక్క.

మర్నాడే నాకు కబురొచ్చింది. ఇంత లోతుగా ఆలోచించే పిల్లలున్న సబ్జెక్టును తీసేయమని అసలెవరన్నారని ప్రిన్సిపాల్‌గారు నన్నే మందలించారు. క్షమాపణ చెప్పుకున్నాను. సబ్జెక్టు నిలిచింది. దివ్య పన్నెండో తరగతి అదే చదివి, యూనివర్సిటీలో కోరుకున్న కోర్సులోనే చేరింది.

నా మెమోలూ దివ్య ఉత్తరమూ అడిగింది ఒకటే. ఆఫీసులో కారణాలు ఎంత బలమైనవైనా, ముందు పొగడ్త లేకపోతే వాటి దాకా ఎవరూ చదవరు. ఆ తరవాత నేను రాసిన మెమోలన్నీ మంజూరయ్యాయి.