ఊదా గీతల డాక్టరు

ఉదయం ఏడున్నరయ్యేసరికి డాక్టర్ సర్మియెంతో ఎవరో ఒకరి ఒంటిమీద గీతలు గీసేసి ఉండేవారు. బర్రాంకియా పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి ఆయనే పెద్ద. జేబులో ఊదారంగు మందు సీసా, చెవి వెనక దూదిపుల్ల. చెయ్యి దొరికితే చాలు.

"కదలకు నాయనా! మీ అమ్మ కడుపులో నీ చర్మకణం రెండైంది, రెండు నాలుగయ్యాయి. వెన్ను దగ్గర బయల్దేరి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇదిగో, ఇలా దిగాయి."

"నాకేం కనబడట్లేదే డాక్టరుగారూ?"

"కనబడవు. అందుకేగా గీస్తున్నది!"

కాఫీ అమ్మేవాడికి గీశారు. పెళ్లిరోజు విందులో భార్య భుజానికి గీశారు. పరామర్శకు వెళ్లి, పోయినాయన తమ్ముడి మోచేతికీ గీసి వచ్చారు. పత్రికలో ఆరోగ్య శీర్షిక కోసం వారం వారం వెళ్లే నేను, ఆయనకు దొరక్కుండా ఆ ఊరి ఎండలోనూ కోటు తొడుక్కునేవాణ్ణి.

ప్రతి గురువారం ఆ విభాగంలో సభ. రోగిని మధ్యలో కూర్చోబెట్టి ఇరవై మంది డాక్టర్లు చుట్టూ చేరి చూసి, వాదించుకుని, చివరికి సర్టిఫికెట్ ఇచ్చేవారు.

ఆ సర్టిఫికెట్ కోసమే నిడియా వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల. పుట్టుకతోనే చేతులమీద గోధుమరంగు చారలు. అంటుకునేది కాదని డాక్టర్లు రాసిస్తే తప్ప పిండి ముట్టనివ్వనని రొట్టెల కొట్టు యజమానురాలు తేల్చి చెప్పిందట. తీరా వచ్చాక ఆ పిల్ల సభ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అంతమంది ముందు చేతులు చూపించలేను. పోతే పోయింది ఉద్యోగం."

"పావుగంట ఆగు తల్లీ" అని డాక్టరు లోపలికి వచ్చి తలుపు వేశారు. "కోట్లు విప్పండి! చొక్కా చేతులు పైకి! మీరూ, పత్రికాయనా!"

తలుపు తెరిచేసరికి డాక్టర్లు ఇరవై మంది, నేనొకణ్ణి, ఊదా చారలతో వరసగా నిలబడి ఉన్నాం.

నిడియా నోరు తెరిచింది. "మీ అందరికీనా ఈ జబ్బు?"

"జబ్బు కాదమ్మా, కణాలు నడిచొచ్చిన దారులు. అందరికీ ఉంటాయి. నీలో ఒక్క కణం రంగు మారింది, దాని పిల్లలన్నీ అదే రంగు. అందుకని నీవి పైకి కనబడతాయి. మావి నేను గీసుకోవాల్సొస్తోంది."

ఆమె నా చేతిని పరీక్షగా చూసింది.

"వంకరగా గీశారు" అంటూ తన చొక్కా చెయ్యి భుజందాకా మడిచింది. "ఇలా దిగాలి."

సోమవారం నిడియా పనిలో చేరింది. నా చేతిమీది రంగు పోవడానికి తొమ్మిది రోజులు పట్టింది.